తప్పు నీదైతేనే చావు నీది: 1983 నాటి ‘మ్యానిక్ మైనర్’ నేర్పే ఆట న్యాయం

 

ముందుగా మీకో ప్రశ్న. ఫోన్లో గేమ్ ఆడుతూ ఓడిపోయినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటి? “అబ్బా, నేనే తొందరపడ్డాను” అనా? లేక “ఛీ, ఇది చీటింగ్” అనా? ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడానే ఈ రోజు మన టాపిక్. ఆ తేడా అర్థం కావడానికి నలభై ఏళ్ళు వెనక్కి, ఇంగ్లాండుకి వెళ్దాం. ఒక పదిహేడేళ్ళ కుర్రాడు ఒంటరిగా కూర్చుని రాసిన ఆట గురించి మాట్లాడుకుందాం. ఆట పేరు మ్యానిక్ మైనర్. సంవత్సరం 1983. అప్పటికి మనందరికీ తెలిసిన సూపర్ మారియో బ్రదర్స్ ఇంకా పుట్టలేదు. అది వచ్చింది 1985లో.

ముందు ఆ కంప్యూటర్ సంగతి చెప్తాను, ఎందుకంటే మెషీన్ తెలియకపోతే ఆట గొప్పదనం తెలియదు. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సింక్లెయిర్ అనే కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అని ఒక హోమ్ కంప్యూటర్ రిలీజ్ చేసింది. 16 కేబీ మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48 కేబీ ఉన్నది 175 పౌండ్లు. చూడటానికి ఒక నల్లటి పలక, దాని మీద రబ్బరు బటన్లు. అంతే. దానికి మానిటర్ ఉండదు, ఇంట్లో ఉన్న టీవీకే కలుపుకోవాలి. డిస్క్ ఉండదు, పాటలు వినే టేప్ రికార్డరే దాని డిస్క్. ఆటని క్యాసెట్‌లో అమ్మేవాళ్ళు. క్యాసెట్ పెట్టి ప్లే నొక్కితే కీచుమని, గరగరమని శబ్దం వస్తూ ఉంటుంది, స్క్రీన్ అంచుల్లో రంగు గీతలు పరిగెడుతూ ఉంటాయి. నాలుగైదు నిమిషాలు అలా ఓపిక పడితే ఆట లోడ్ అవుతుంది. మధ్యలో టేప్ ఎక్కడైనా నలిగి ఉంటే మళ్ళీ మొదటి నుంచి.

48 కేబీ అన్నాను కదా. మీ ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్ ఫొటో చాలాసార్లు దీనికంటే పెద్దదే ఉంటుంది. ఆ 48 కేబీలో కూడా దాదాపు 7 కేబీ స్క్రీన్‌కే పోతుంది. మిగిలిన దాంట్లో ఆట, బొమ్మలు, సంగీతం, లెవెల్స్ అన్నీ సర్దాలి. ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. మీ ఫోన్ వేగం గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, అంటే ఒక్క కోర్ లెక్క చూసినా కొన్ని వందల రెట్లు.

ఈ స్పెక్ట్రమ్ మన దేశానికి కూడా వచ్చింది. దాని తర్వాతి మోడల్ స్పెక్ట్రమ్ ప్లస్‌ని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ లైసెన్స్ తీసుకుని 1980లలో ఇండియాలో అమ్మింది. కానీ మన ఊళ్ళలో ఎక్కువమందికి ‘వీడియో గేమ్’ అంటే ఆ తర్వాత వచ్చిన, టీవీకి తగిలించి క్యాసెట్ గుచ్చే మారియో, కాంట్రా ఆటలే. అందుకే మ్యానిక్ మైనర్ పేరు మనలో చాలామందికి కొత్త. బ్రిటన్‌లో మాత్రం ఆ తరం వాళ్ళని ఎవర్ని అడిగినా ముందు చెప్పే పేర్లలో ఇదొకటి.

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. పేరు మాథ్యూ స్మిత్. లివర్‌పూల్ పక్కన నది అవతల ఉండే వాలసీ అనే ఊరు. లివర్‌పూల్‌లో బగ్-బైట్ అని ఒక చిన్న గేమ్ కంపెనీ ఉండేది. వాళ్ళు ఇతనికి ఒక స్పెక్ట్రమ్ ఇచ్చి, మూడు ఆటలు రాసివ్వమన్నారు. ఉద్యోగం కాదు, ఫ్రీలాన్స్ ఒప్పందం. మొదటి ఆట స్టిక్స్. రెండోది మ్యానిక్ మైనర్. అప్పట్లో అటారీ కంప్యూటర్ మీద మైనర్ 2049ఈఆర్ అని ఒక అమెరికన్ ఆట పేరు మోగిపోతోంది. స్పెక్ట్రమ్ మీద అలాంటిది చెయ్యగలవా అన్నదే సవాలు. స్మిత్ తన దగ్గరున్న టాండీ కంప్యూటర్ మీద కోడ్ రాసి, దాన్ని స్పెక్ట్రమ్‌లోకి పంపుకుంటూ, కొద్ది వారాల్లోనే ఆట పూర్తిచేశాడు. డిజైనర్ అతనే, ప్రోగ్రామర్ అతనే, బొమ్మలు గీసిందీ అతనే. టీమ్ లేదు.

ఆట కథ చిన్నదే. విల్లీ అనే గని కార్మికుడు ఉంటాడు. లండన్ దగ్గర సర్బిటన్ అనే ఊరి వైపు తవ్వుకుంటూ పోతుంటే ఒక పాత గని బయటపడుతుంది. ఎప్పుడో అంతరించిపోయిన నాగరికత వాళ్ళ గని అది. యజమానులు పోయారు, కానీ వాళ్ళ యంత్రాలు మాత్రం ఆగకుండా ఇంకా తవ్వుతూనే ఉన్నాయి. విల్లీ ఒక్కో గుహలో తాళంచెవులు ఏరుకుంటూ బయటపడాలి. మొత్తం 20 గుహలు. ఒక్కో గుహ ఒక్కో స్క్రీన్. మీ చేతిలో ఉన్నవి మూడే పనులు: ఎడమకి నడవడం, కుడికి నడవడం, ఎగరడం. తుపాకీ లేదు, పవర్ అప్ లేదు, షాపు లేదు.

మొదటి గుహ పేరు సెంట్రల్ కావర్న్. విల్లీ ఎడమవైపు కింద నిలబడి ఉంటాడు. బయటికి పోయే గేటు కుడివైపు కింద కనపడుతూనే ఉంటుంది. కానీ అది తెరుచుకోవాలంటే పైన ఉన్న ఐదు తాళంచెవులూ తియ్యాలి. మధ్యలో ఏమున్నాయి? కాలు పెడితే అరిగిపోయి కూలిపోయే నేల ఉంది. నిలబడితే పక్కకి లాక్కుపోయే కన్వేయర్ బెల్ట్ ఉంది. తగిలితే చంపేసే మొక్కలున్నాయి. అటూ ఇటూ తిరిగే కాపలా బొమ్మ ఒకటి ఉంది. స్క్రీన్ కింద గాలి పట్టీ ఉంది. అది కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటుంది. గాలి అయిపోతే ప్రాణం పోయినట్టే. గాలి మిగిలి ఉండగా బయటపడితే ఆ మిగిలిన గాలి పాయింట్లుగా మారుతుంది.

ఇక్కడ అసలు పాయింట్‌కి వస్తున్నాను ఫ్రెండ్స్. ఈ ఆటలో అదృష్టం అనేదే లేదు. కాపలా బొమ్మ ఎక్కడ మొదలవుతుంది, ఎంత దూరం పోతుంది, ఎక్కడ వెనక్కి తిరుగుతుంది అన్నీ ముందే రాసి ఉంటాయి. మీరు చచ్చిపోయి మళ్ళీ మొదలుపెడితే గుహ మొత్తం మొదట ఎలా ఉందో అలాగే వస్తుంది. అదే బొమ్మ, అదే చోటు, అదే గాలి. వందసార్లు ఆడినా వందసార్లూ అదే. అంటే నిన్న సరిగ్గా ఏ క్షణంలో ఎగిరితే దాటారో, ఈ రోజూ ఆ క్షణంలో ఎగిరితే దాటుతారు. రేపూ దాటుతారు.

ఎగరడం కూడా అంతే. మారియోని గాల్లో ఉండగా కొంచెం వెనక్కీ ముందుకీ జరపొచ్చు కదా, విల్లీతో అది కుదరదు. కాలు లేచిందంటే ఆ దారి ఖరారు. ఎంత ఎత్తు, ఎంత దూరం అన్నది ఎప్పుడూ ఒకటే. బాణం వదిలినట్టు. మొదట్లో ఇది చిరాగ్గా ఉంటుంది. పది నిమిషాలు ఆడాక మీకే అర్థమవుతుంది, ఇది వరం అని. ఎందుకంటే ఎగరకముందే కంటితో కొలుచుకోవచ్చు. “ఇక్కడి నుంచి ఎగిరితే అక్కడ పడతాను” అని లెక్క వేసుకోవచ్చు. ఆ లెక్క తప్పదు. తప్పితే మీరు నిలబడిన చోటు తప్పు, మీరు నొక్కిన క్షణం తప్పు.

తగిలిందా లేదా అనే విషయంలో కూడా ఆట చాలా కచ్చితంగా ఉంటుంది. బొమ్మకీ విల్లీకీ మధ్య ఒక్క చుక్క సందున్నా బతికినట్టే. చుక్కా చుక్కా నిజంగా కలిస్తేనే చావు. ఈ రోజుల్లో కొన్ని ఆటల్లో చూడండి, కత్తి మనకి తగలకుండానే హెల్త్ తగ్గిపోతుంది. ఇక్కడ కంటికి ఏది కనపడిందో అదే జరిగింది.

ఇంకో చిత్రమైన విషయం చెప్తాను. స్పెక్ట్రమ్ స్క్రీన్‌ని 32 అడ్డం, 24 నిలువు గడులుగా విడగొట్టారు. ఒక్కో గడిలో రెండే రంగులు ఉండాలి. మెమరీ మిగలడానికి పెట్టిన నియమం ఇది. దీనివల్ల ఒక బొమ్మ ఇంకో బొమ్మ మీదుగా పోతే రంగులు కలగాపులగం అయిపోతాయి. ఆ మెషీన్ మీద ఆట రాసిన ప్రతివాడూ తిట్టుకున్న లోపం అది. స్మిత్ ఏం చేశాడంటే ఆ రంగునే రూల్‌గా వాడుకున్నాడు. మీరు నిలబడిన గడి గట్టి నేలా, గోడా, చంపే మొక్కా అని ఆట తెలుసుకునేది ఆ గడి రంగు కోడ్ చూసే. గుహలో ప్రతి గడికీ ఒక రంగు బైట్, అదే బొమ్మ, అదే చట్టం. ఒక్కో గుహకి సరిగ్గా 1 కేబీ. 20 గుహలకి 20 కేబీ. మీరు కంటితో చూస్తున్న మ్యాప్, కంప్యూటర్ చదువుతున్న మ్యాప్ రెండూ ఒకటే అన్నమాట. దాచిపెట్టిన కిటుకు ఏమీ లేదు.

సంగీతం కూడా వినాలి. స్పెక్ట్రమ్‌లో సౌండ్ చిప్ లేదు. ఒక చిన్న స్పీకర్, దాన్ని ఆన్ ఆఫ్ చెయ్యడం తప్ప ఇంకేమీ రాదు. ఆ ఆన్ ఆఫ్ కూడా ప్రాసెసరే చెయ్యాలి. అంటే స్పీకర్ మోగిస్తున్నంతసేపూ ఆట ఆగిపోవాలి. అందుకే అప్పటి ఆటల్లో బీప్ బీప్ తప్ప పాట ఉండేది కాదు. స్మిత్ సంగీతాన్ని చిన్న చిన్న ముక్కలు చేశాడు. ఆట ఒక అడుగు, పాట ఒక ముక్క, మళ్ళీ ఆట ఒక అడుగు. వేగంగా జరిగేసరికి రెండూ కలిసి నడుస్తున్నట్టే ఉంటుంది. అలా ఆట సాగుతున్నంతసేపూ నార్వే సంగీతకారుడు గ్రీగ్ రాసిన ‘ఇన్ ద హాల్ ఆఫ్ ద మౌంటెన్ కింగ్’ మోగుతూనే ఉంటుంది. కింద మీకు మిగిలిన ప్రాణాలు చిన్న చిన్న విల్లీలుగా నిలబడి ఆ పాటకి డాన్స్ చేస్తూ ఉంటాయి. ఆఖరి ప్రాణం కూడా పోతే పైనుంచి పెద్ద బూటు ఒకటి దిగి విల్లీని నలిపేస్తుంది. బ్రిటన్‌లో మాంటీ పైథాన్ అనే కామెడీ షోలో కనిపించే పాదానికి అది నకలు. ఏడవాల్సిన చోట నవ్వొస్తుంది.

గుహల్లో నాకు నచ్చిన మూడు చెప్తాను. ఐదో గుహ యూజీన్స్ లెయర్. అక్కడ యూజీన్ అనే పెద్ద తలకాయ ఒకటి పైకీ కిందికీ తిరుగుతుంటుంది. చివరి తాళంచెవి తీయగానే అది కిందికి దిగి గేటుకి అడ్డంగా కూర్చుంటుంది. అందుకే ఏ తాళంచెవి చివర తియ్యాలో ముందే ప్లాన్ చేసుకోవాలి. అప్పట్లో పోటీ కంపెనీలో పనిచేసే ఒక ప్రోగ్రామర్ మీద వేసిన జోక్ అది. రెండోది కాంగ్ బీస్ట్ గుహ. 1981లో వచ్చిన డాంకీ కాంగ్ గొరిల్లాకి ఇది చురక. అక్కడ రెండు స్విచ్‌లుంటాయి. ఒకటి గోడ తెరుస్తుంది. రెండోది నొక్కితే గొరిల్లా కింద నేల మాయమై అది దబ్బున పడిపోతుంది, మీకు పాయింట్లు వస్తాయి. నొక్కకపోయినా గుహ దాటొచ్చు. అత్యాశ ఉందా లేదా అని ఆట మిమ్మల్ని పరీక్షిస్తుందన్నమాట.

మూడోది స్కైలాబ్ ల్యాండింగ్ బే. ఈ పేరు వినగానే మన పెద్దవాళ్ళకి వెంటనే వెలుగుతుంది. అమెరికా వాళ్ళ స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం 1979 జూలైలో భూమ్మీద పడిపోతుందని తెలిసి మన పల్లెల్లో ఎంత భయపడ్డారో ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. ఆ భయం మీద 2021లో తెలుగులో ‘స్కైలాబ్’ అని సినిమా కూడా వచ్చింది. చివరికి దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి ప్రాంతంలో పడ్డాయి. నాలుగేళ్ళ తర్వాత ఒక ఇంగ్లీష్ కుర్రాడు ఆ భయాన్ని ఒక గుహలో పెట్టాడు. పైనుంచి మూడు స్కైలాబ్‌లు పడుతుంటాయి, నేలకి తగిలి ముక్కలవుతాయి, మళ్ళీ పైనుంచి ఇంకో చోట పడతాయి. మొదట చూస్తే “ఇది ఎక్కడ పడుతుందో ఎవడికి తెలుసు” అనిపిస్తుంది. కాసేపు కదలకుండా గమనించండి. ప్రతిసారీ అదే కొలతతో పక్కకి జరుగుతోంది. క్రమం ఉంది. 1979లో ఆకాశం నుంచి పడ్డ స్కైలాబ్ ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఈ గుహలో మాత్రం ఓపికగా చూసినవాడు చెప్పగలడు.

అలాగని ఈ ఆట తేలిక అనుకోకండి. చాలా కష్టం. మూడు ప్రాణాలు, పదివేల పాయింట్లకోసారి ఇంకోటి. సేవ్ చేసుకునే వీలు లేదు. పదిహేనో గుహలో అన్నీ పోతే మళ్ళీ మొదటి గుహ. ఇది క్రూరం కదా అంటారా? కఠినం వేరు, అన్యాయం వేరు. లెక్కల సారు కష్టమైన పేపర్ ఇస్తే అది కఠినం. సిలబస్‌లో లేనిది ఇస్తే అన్యాయం. మ్యానిక్ మైనర్ సిలబస్ మొత్తం స్క్రీన్ మీదే ఉంది.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది, అది గమనించండి. అదే రోజుల్లో ఆర్కేడ్ మెషీన్లు ఉండేవి, నాణెం వేసి ఆడేవి. అక్కడ మీరు త్వరగా చస్తే యజమానికి ఇంకో నాణెం వస్తుంది. ఇంట్లో ఆడే క్యాసెట్‌కి ఆ లెక్క లేదు. ఒకసారి కొన్నారు, అయిపోయింది. మీరు పదిసార్లు చచ్చినా వెయ్యిసార్లు చచ్చినా కంపెనీకి ఒక్క పైసా ఎక్కువ రాదు. మిమ్మల్ని మోసం చేసి చంపడం వల్ల ఎవరికీ లాభం లేదు. అంతెందుకు, దొంగదారి కూడా స్మిత్ తనే పెట్టాడు. మొదటి వెర్షన్‌లో 6031769 అని టైప్ చేస్తే ఏ గుహకైనా నేరుగా వెళ్ళిపోవచ్చు. మెమరీలో 35136 అనే అడ్రస్‌లో సున్నా పెడితే ప్రాణాలు తగ్గవని ఆటగాళ్ళు కనిపెట్టుకున్నారు. ఈ రోజుల్లో డబ్బు పెట్టి కొనేవి అప్పుడు ఊరికే దొరికేవన్నమాట.

సరే, ఇప్పుడు కథలో మలుపు. ఈ న్యాయం ఎంత విలువైనదో తెలిసింది అది చెడినప్పుడే. మ్యానిక్ మైనర్ హిట్ అయ్యాక స్మిత్ బగ్-బైట్ నుంచి బయటికొచ్చి, ఇంకొందరితో కలిసి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ అనే కంపెనీ పెట్టాడు. ఫ్రీలాన్సర్ కాబట్టి ఆటని కూడా వెంట తెచ్చుకున్నాడు. 1984లో రెండో భాగం వచ్చింది, పేరు జెట్ సెట్ విల్లీ. గనిలో దొరికిన డబ్బుతో విల్లీ పెద్ద బంగళా కొన్నాడు. పార్టీ చేసుకున్నాడు. ఇల్లంతా చెత్త. పనిమనిషి మరియా బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, అన్నీ సర్దితే గానీ పడుకోనివ్వనంటోంది. ఇల్లంతా తిరిగి 83 వస్తువులు ఏరాలి.

టెక్నికల్‌గా ఇది ఇంకా గొప్ప పని. మొదటి ఆటలో గుహకి 1 కేబీ పట్టింది కదా, ఇందులో ఒక్కో గదికి 256 బైట్లే. నాలుగో వంతు. అందుకే 60 గదులు పట్టాయి. ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఇష్టం వచ్చినట్టు ఎటైనా తిరగొచ్చు. జనం ఎగబడి కొన్నారు. ఆట పూర్తిచేసిన మొదటివాళ్ళకి బహుమతి అని కంపెనీ పోటీ కూడా పెట్టింది.

కానీ ఒక సమస్య ఉంది. ఆట పూర్తికాదు! అటక గదిలో ఒక బాణం ఎగురుతుంటుంది. దాని దారి తప్పుగా రాయడం వల్ల అది స్క్రీన్ మెమరీ దాటిపోయి, వేరే గదుల సమాచారం ఉన్న చోట తన బొమ్మ గీసేస్తుంది. అంటే మీరు ఒక్కసారి అటకలోకి వెళ్ళొస్తే చాలు, ఇంట్లో వేరే గదులు పాడైపోతాయి. చాపెల్ గదిలో శత్రువులు మాయమైపోతారు. ఇంకొన్ని గదుల్లోకి అడుగుపెట్టగానే విల్లీ చచ్చిపోతాడు. మీరు ఏమీ చెయ్యకపోయినా సరే. కంప్యూటర్ ఆపి మళ్ళీ లోడ్ చేసేదాకా అంతే.

ఒక్కసారి ఆ ఆటగాడి స్థానంలో ఉండి ఆలోచించండి. మొదటి ఆట నెలల తరబడి ఏం నేర్పింది? “చచ్చావంటే తప్పు నీదే, జాగ్రత్తగా చూడు, మళ్ళీ ప్రయత్నించు” అని. అదే నమ్మకంతో వీళ్ళు రెండో ఆటలో కూడా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. ఎక్కడ తప్పు చేస్తున్నామో అని వెతుక్కున్నారు. తప్పు వాళ్ళది కాదు. అప్పుడు కంపెనీ ఏం చెప్పిందో తెలుసా? ఆ గదుల్లో విషవాయువు నిండి ఉంది, ఆట కష్టంగా ఉండటానికి మేమే అలా పెట్టాం అని చెప్పింది. బగ్‌ని ఫీచర్ అని చెప్పడం ఈనాటిది కాదు ఫ్రెండ్స్.

ఆ అబద్ధం నిలబడలేదు. ఆటగాళ్ళు మెమరీలోకి తొంగిచూసి తప్పులు ఒక్కొక్కటీ పట్టుకున్నారు. పోటీలో గెలిచిన ఇద్దరే ఆ తప్పులు ఎలా సరిచెయ్యాలో కంపెనీకి చెప్పారు. చివరికి కంపెనీ కూడా విషవాయువు మాట వెనక్కి తీసుకుని, సరిచేసే పోక్‌లు విడుదల చేసింది. పోక్ అంటే మెమరీలో ఫలానా చోట ఫలానా అంకె పెట్టమని చెప్పే బేసిక్ ఆదేశం. ఇంటర్నెట్ అప్‌డేట్ లేని రోజులు. అమ్మేసిన క్యాసెట్‌ని వెనక్కి తెచ్చి మార్చలేరు. ప్రతి ఇంట్లో ప్రతి ఆటగాడూ ఆ అంకెలు చేత్తో టైప్ చేసుకుని తన ఆటని తనే బాగుచేసుకోవాలి.

ఇంకో అన్యాయం కూడా ఉంది, అది బగ్ కాదు, డిజైన్. జెట్ సెట్ విల్లీలో చస్తే ఆ గదిలోకి ఎలా వచ్చారో అక్కడే మళ్ళీ మొదలవుతుంది. పై గది నుంచి కిందికి పడుతూ వచ్చి చచ్చారనుకోండి, మళ్ళీ పడుతూనే మొదలవుతారు, మళ్ళీ చస్తారు. మీరు కీబోర్డ్ మీద చెయ్యి వేసే లోపు ప్రాణాలన్నీ వరసగా అయిపోతాయి. మొదటి ఆటలో చావు అంటే పాఠం. ఇక్కడ చావు అంటే కూర్చుని చూడటం.

ఆ తర్వాత స్మిత్ మీద ఒత్తిడి పెరిగింది. మూడో ఆట వస్తుందని ప్రకటనలు వచ్చాయి, ఆట రాలేదు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ 1988లో మూతపడింది. అతను చాలా ఏళ్ళు గేమ్ ప్రపంచానికి దూరంగా ఉండిపోయాడు. ఎక్కడున్నాడో అని అభిమానులు ఇంటర్నెట్‌లో వెతికే పరిస్థితి. తర్వాత తిరిగొచ్చాడు, ఇంటర్వ్యూలు ఇచ్చాడు. పదిహేడేళ్ళ కుర్రాడి ఒక్కడి బుర్ర మీద మొత్తం కంపెనీ నడవాలనుకుంటే ఏమవుతుందో కూడా ఈ కథలో ఉంది. అటకలో ఆ బాణం దారి తప్పడానికి, పక్కన కూర్చుని పరీక్షించే ఇంకో మనిషి లేకపోవడం కూడా ఒక కారణమే అనుకుంటాను.

ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్‌కి వద్దాం. ఫ్రీ గేమ్ అంటారు. ఐదు ప్రాణాలిస్తారు. అయిపోతే అరగంట ఆగాలి, లేదా యాడ్ చూడాలి, లేదా డబ్బు కట్టాలి. నాణెం వేసే ఆర్కేడ్ మెషీన్ మళ్ళీ వచ్చింది, ఈసారి మన జేబులోకి. మీరు ఓడిపోతేనే దానికి ఆదాయం. అలాంటప్పుడు ఆ ఓటమి మీ తప్పు వల్ల వచ్చిందా, లేక గోళీలు, మిఠాయిలు అలా పడేటట్టు ఎవరైనా సర్ది పెట్టారా? మీకు తెలుసుకునే దారే లేదు. మ్యాప్ మీ ముందు లేదు, సర్వర్‌లో ఉంది. అన్ని ఫోన్ గేమ్‌లూ ఇలాంటివే అనడం లేదు. ఒక్కసారి డబ్బు కట్టి హాయిగా ఆడుకునే మంచి ఆటలు ఇప్పుడూ ఉన్నాయి. కానీ తేడా కనిపెట్టడం మనకి రావాలి. ఎందుకంటే పోయేది మన టైమ్, కొన్నిసార్లు నాన్న యూపీఐ అకౌంట్‌లో డబ్బు.

అందుకే మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, నేను చచ్చినప్పుడు ఎందుకు చచ్చానో చెప్పగలనా? రెండు, అదే చోట అదే పని సరిగ్గా చేస్తే ఈసారి గెలుస్తానా? మూడు, నేను ఓడిపోతే ఎవరికి లాభం? మొదటి రెండిటికీ అవును, మూడోదానికి ఎవరికీ లేదు అని జవాబు వస్తే అది మిమ్మల్ని గౌరవించే ఆట. హాయిగా ఆడండి, ఓడండి, మళ్ళీ ఆడండి. జవాబులు తిరగబడితే మాత్రం ఆడుతున్నది మీరు కాదు, మిమ్మల్నే ఎవరో ఆడిస్తున్నారు.

మీలో బీటెక్ చదువుతూ గేమ్ చెయ్యాలని చూస్తున్నవాళ్ళు ఉంటే ఒక మాట. మీ ల్యాప్‌టాప్ ఎంత పాతదైనా స్మిత్ మెషీన్ కంటే వేల రెట్లు మెరుగు. ఒక్క స్క్రీన్, మూడు బటన్లు, ఐదు తాళంచెవులు, అటూ ఇటూ తిరిగే ఒక్క బొమ్మ. దానితోనే ఒక గది చేసి చూడండి. తర్వాత అది మీ ఫ్రెండ్ చేతికిచ్చి మీరు నోరు మూసుకుని చూడండి. వాడు చచ్చి “అయ్యో, నేనే” అంటే మీరు గెలిచినట్టు. “ఇదేంట్రా” అంటే మీ అటకలో కూడా ఎక్కడో ఒక బాణం తిరుగుతోందన్నమాట. వెతికి పట్టుకోండి. విషవాయువు అని మాత్రం చెప్పకండి.

ఆట రుచి చూడాలనుకుంటే స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్లు కంప్యూటర్ మీదా, ఫోన్ మీదా ఉన్నాయి. టచ్ స్క్రీన్ మీద కష్టం, వీలైతే కీబోర్డ్ తగిలించుకోండి. సెంట్రల్ కావర్న్ ఒక్కటి దొంగ కోడ్ లేకుండా దాటండి చాలు. ముందు ఒక నిమిషం విల్లీని కదపకుండా, ఆ కాపలా బొమ్మ ఎలా తిరుగుతుందో చూడండి. గాలి తగ్గుతుంటుంది, పోనివ్వండి. ఆ నిమిషంలో చూసినదే తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

ఇదీ ఫ్రెండ్స్ ఈ వారం సంగతి. మీ ఫోన్లో ఎక్కువగా ఆడే ఆటని ఈ రాత్రికే ఆ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో పాత మెషీన్, ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.